ఎండకు జోడు ఏది? - పాల సంఘాలకు జంట విద్యుత్తు

(చింతలపూడిలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సాంకేతిక విభాగపు ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన మెట్ట ప్రాంతపు సంఘాలనుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. పాల శీతల కేంద్రం కప్పుమీద సౌరఫలకాలు, పక్కన చిన్న గాలిమర, రెండూ కలిపి ఒకే సెట్టుగా అమ్ముతున్నారు, కొనవచ్చునా అని. రంగుల కాగితాలు తెచ్చి చూపించినవారు కూడా వున్నారు. ఎండ వున్నప్పుడు ఎండ, లేనప్పుడు గాలి, కరెంటు ఆఫీసుతో పనే లేదు అని ఆ కాగితం చెబుతుంది. సంఘ భవన నిధిలోనుంచి, అంటే లీటరుకు కొన్ని పైసల చొప్పున సభ్యులు సంవత్సరాల తరబడి కూడబెట్టిన సొమ్ములోనుంచి కొనే వస్తువు గనుక, తొందరపడకుండా మాట్లాడుకోవాలని ఈ సమావేశం పెట్టాము.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తరువాత కారణాలు చెబుతాను. ఎండ మనకు వుంది, వాడుకోవలసిందే. ఎండకు ఒక జోడు కావాలన్న మాట కూడా నిజమే. అయితే చింతలపూడిలో ఆ జోడు గాలి కాదని నా నమ్మకం. మన జోడు ఒకటి పశువుల పాకలో వుంది, ఇంకొకటి మంచుతొట్టిలో వుంది.

ముందు మన అవసరం ఎంతో తెలియాలి. పాలు పితికిన వేళకు 35 డిగ్రీల వేడిమీద వుంటాయి. వాటిని 4 డిగ్రీలకు దించాలి. వెయ్యి లీటర్ల పాలకు లెక్క వేస్తే, సుమారు 35 యూనిట్లకు సమానమైన వేడిని ఆ పాలలోనుంచి తీసివెయ్యాలి. ఇంతకు అంత కరెంటు కావాలా అంటే, అక్కర్లేదు. కంప్రెసర్ చేసేది వేడిని ఒకచోటినుంచి ఎత్తి ఇంకొకచోట పారబొయ్యడమే గనుక, ఒక యూనిట్టు కరెంటుతో రెండున్నర నుంచి మూడు యూనిట్ల వేడిని మోస్తుంది. అంటే 12 నుంచి 14 యూనిట్లు. పాలు కలియబెట్టే మోటారు, నీళ్ల పంపు, వెన్నశాతం చూసే యంత్రం, తూకం, దీపాలు అన్నీ కలుపుకుంటే రోజుకు 18, 20 యూనిట్లు అనుకోవచ్చు. యంత్రం పాతదైతే, వెనకవున్న జల్లెడ లాంటి కండెన్సరుకు దుమ్ము పట్టివుంటే ఇంకా ఎక్కువ. ఆ దుమ్ము దులపడానికి సౌరశక్తి పథకమేమీ అక్కర్లేదు. ఒక బ్రష్షు చాలు.

ఇక ఈ 20 యూనిట్లు ఏ వేళకు కావాలి? ఇక్కడే అసలు చిక్కు. తెల్లవారుజామున అయిదు గంటలనుంచి ఎనిమిది దాకా ఒక పూట పాలు, సాయంత్రం అయిదునుంచి ఎనిమిది దాకా రెండో పూట పాలు వస్తాయి. సౌరఫలకం గట్టిగా పనిచేసేది పొద్దున తొమ్మిదినుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. మన పాలు ఎండ రాకముందు వస్తాయి, మళ్లీ ఎండ పోయాక వస్తాయి. కప్పుమీద ఎన్ని ఫలకాలు పరిచినా ఈ వేళల తేడా మారదు.

అందుకే ‘హైబ్రిడ్’ అన్న మాట పుట్టింది. దీన్ని నేను జంట విద్యుత్తు అంటాను. రెండు రకాల వనరులను కలిపినంత మాత్రాన జంట అయిపోదు. మన ఇళ్లలో రెండు గేదెలను పెట్టుకునేటప్పుడు ఏం చూస్తాము? రెండూ ఒకేసారి ఈని, ఒకేసారి వట్టిపోతే ఆ ఇంట్లో నాలుగు నెలలు చెంబెడు పాలు, నాలుగు నెలలు కొన్న పాలు. ఒకటి చూడికట్టి వట్టిపోయే వేళకు ఇంకొకటి ఈనేటట్లు చూసుకున్న ఇల్లాలికి సంవత్సరం పొడుగునా సంఘం పుస్తకంలో పేరు వుంటుంది. జంట విద్యుత్తుకు పరీక్ష కూడా ఇదే. ఒకటి వట్టిపోయినప్పుడు రెండోది పాలిస్తుందా? ఇవ్వకపోతే మేత ఖర్చు రెట్టింపు, అంతే.

ఎండ, గాలి ఇలా ఒకదానికొకటి అందివచ్చే చోట్లు మన రాష్ట్రంలోనే వున్నాయి. రాయలసీమ కొండలు చూడండి. నైరుతి రుతుపవనం జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచేటప్పుడు ఆ కొండలమీద గాలి జోరుగా వుంటుంది. ఆ నెలల్లోనే మబ్బులు పట్టి ఎండ తగ్గుతుంది. జనవరినుంచి మే దాకా ఎండ దంచుతుంది, గాలి పలచబడుతుంది. దినచర్యలో కూడా గాలి కరెంటు సాయంత్రం, రాత్రి ఎక్కువగా వచ్చే రోజులు చాలా వుంటాయి. ఇది సరైన జత. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో వున్న రామగిరి కొండలమీద 1990లలోనే గాలిమరలు నిలబెట్టారు. అదే పాత అనంతపురం జిల్లాలో నంబులపూలకుంట దగ్గర 250 మెగావాట్ల సౌర కేంద్రాన్ని ఎన్.టి.పి.సి. 2016లో పూర్తిచేసింది. పాత కర్నూలు జిల్లాలో పాణ్యం, ఓర్వకల్లు పక్కన వెయ్యి మెగావాట్ల సౌర పార్కు 2017లో పనిలోకి వచ్చింది.

సరిహద్దు దాటి కర్ణాటకలో రాయచూరు జిల్లా కవితాళ్ దగ్గర జరిగింది మనకు ఎక్కువ పాఠం చెబుతుంది. అక్కడ 50 మెగావాట్ల గాలిమరలు అంతకుముందే వున్నాయి. 2018లో వాటి నడుమ ఖాళీ నేలలో 28.8 మెగావాట్ల సౌరఫలకాలు పరిచారు. లాభం ఎక్కడ వచ్చిందంటే, కరెంటును మోసే తీగలు, సబ్‌స్టేషను కొత్తగా పెద్ద ఎత్తున కట్టనక్కర్లేకపోయింది. గాలి లేనప్పుడు ఖాళీగా పడివుండే తీగమీద ఎండ కరెంటు వెళ్లింది. మన పాల వ్యాను పొద్దున పాలు మోసి మధ్యాహ్నం వూరికే నిలబడే బదులు దాణా బస్తాలు మోసినట్లు. కేంద్ర ప్రభుత్వం 2018 మే నెలలో గాలి, ఎండ జంట విద్యుత్తుకు ఒక జాతీయ విధానం ప్రకటించింది. ఒకదాని సామర్థ్యంలో రెండోది కనీసం 25 శాతమైనా వుంటేనే దాన్ని జంట అని ఒప్పుకుంటామని అందులో రాశారు. పేరుకు ఒక ఫలకం తగిలించి జంట అనిపించుకోకుండా ఈ నిబంధన పెట్టారు. మన వూళ్లకు వచ్చే సెట్టులను కూడా ఇదే కంటితో చూడాలి.

పాణ్యం మండలం పిన్నాపురంలో 2022 మే 17న శంకుస్థాపన జరిగిన పథకం ఇంకొక మెట్టు ఎక్కింది. 3000 మెగావాట్ల ఎండ, 550 మెగావాట్ల గాలి, వాటితోపాటు 1680 మెగావాట్ల నీటి విద్యుత్తు అని ఆనాడు ప్రకటించారు. ఈ నీటి విద్యుత్తు నదిమీద ఆనకట్ట కట్టి తీసేది కాదు. కింద ఒక చెరువు, పైన ఒక చెరువు. కరెంటు మిగిలిన వేళ నీటిని పైకి తోడతారు, చాలని వేళ కిందికి వదిలి యంత్రం తిప్పుతారు. మొదట నింపడానికి, ఆవిరైనదాన్ని పూడ్చడానికి గోరుకల్లు జలాశయం నీరు. ఎండకు, గాలికి జోడు కట్టాక కూడా దాచుకునే పాత్ర ఒకటి కావలసివచ్చిందని దీనివల్ల తెలుస్తోంది. ఈ సంగతి మనసులో పెట్టుకోండి. మన పాత్ర ఏదో తరువాత చెబుతాను.

ఇక మన వూరికి వద్దాము. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడ్డాక నూజివీడు, చింతలపూడి ఒకే జిల్లాలోకి వచ్చాయి. రికార్డులు ఏమైనా, మామిడి ఎప్పుడో ఈ రెంటినీ కలిపేసింది. రసాలు, బంగినపల్లి, కలెక్టరు తోటలు, నడుమ జీడిమామిడి, ఆయిల్‌పామ్, చిన్న చిన్న కొండలు. సముద్రంనుంచి దూరం. గాలి చెట్ల మధ్య ఇరుక్కుని నడిచే ప్రాంతం ఇది.

గాలికి ఒక చిత్రమైన లెక్క వుంది. వేగం రెట్టింపైతే అందులోని శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. తిరగేసి చూస్తే వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెక్కల చుట్టు అడ్డం పదడుగులు, అంటే మూడు మీటర్లు వున్న చిన్న గాలిమరను తీసుకుందాము. ‘ఒక కిలోవాటు’ అని దానిమీద రాసివుంటుంది. అబద్ధమేమీ కాదు. సెకనుకు 10 మీటర్ల వేగంతో గాలి వీచినప్పుడు వెయ్యి వాట్ల పైచిలుకు ఇస్తుంది. 6 మీటర్ల గాలికి 270 వాట్లు ఇస్తుంది. 3 మీటర్ల గాలికి 30, 35 వాట్లు. రోజంతా ఆగకుండా 3 మీటర్ల గాలి వీచినా ఒక యూనిట్టు నిండదు. మనకు కావలసింది 20.

10 మీటర్ల గాలి ఎలా వుంటుందో యంత్రం లేకుండానే చెప్పవచ్చు. ముఖానికి చల్లగా తగిలి, ఆకులు గలగలమంటే అది 2, 3 మీటర్లు. ఆకులు, సన్న రెమ్మలు ఆగకుండా కదులుతూ వుంటే 4, 5. చిన్న చెట్లు మొదలంటా వూగుతూ వుంటే 8 నుంచి 10. మీ తోటలో చిన్న చెట్లు మొదలంటా రోజుకు ఎన్ని గంటలు వూగుతాయి? అన్ని గంటలు వూగితే ఆ తోటలో పిందె నిలిచేదా? మామిడికి ఈ నేల ఇంత బాగా అచ్చివచ్చిందంటే, గాలిమరకు అంత బాగా రాదనే నా అనుమానం.

ఈదురుగాలి మాటేమిటని ఒక అధ్యక్షులు పొద్దున అడిగారు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు వచ్చి కాయ రాల్చిపోయే గాలి మనందరికీ తెలుసు. అది అరగంట. అంత గాలికి మర తనను తాను కాపాడుకోవడానికి మొహం పక్కకు తిప్పుకోవాలి, లేదా ఆగిపోవాలి. ఆ అరగంటలో అది సంపాదించేదానికన్నా, ఆ స్తంభం నిలబడేటందుకు మీరు పెట్టే కాంక్రీటు ఖర్చు ఎక్కువ.

ఎత్తు సంగతి కూడా వుంది. గాలిమర రెక్కలు చుట్టూ మూడువందల అడుగుల్లో వున్న ఏ చెట్టుకన్నా, ఏ కప్పుకన్నా కనీసం ముప్పై అడుగులు పైన వుండాలి. ముదురు మామిడి తోట ముప్పై, నలభై అడుగులు వుంటుంది. అంటే డెబ్బై అడుగుల స్తంభం. శీతల కేంద్రం కప్పుమీద పదడుగుల గొట్టం పాతి దానిమీద మర తగిలించి చూపిస్తున్నారు చూడండి, అక్కడ గాలి సుడి తిరుగుతుంది తప్ప వీచదు. మర తిరుగుతున్నట్లు కనిపిస్తుంది, ఫొటోకు కూడా బాగుంటుంది. మీటరు మాత్రం కదలదు.

ఇంకో మాట. పెద్ద గాలిమరలకోసం తయారుచేసిన గాలి పటాలు వంద మీటర్లు, ఆపైన వున్న గాలిని చూపిస్తాయి. ఆ పటంలో రంగు బాగుందని చెప్పి డెబ్బై అడుగుల మర అమ్మితే ఒప్పుకోకండి. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ చిన్న గాలిమరలను పరీక్షించి ఆమోదించినవాటి జాబితా పెడుతుంది. మర ఆ జాబితాలో వున్నదా అని అడగడం మొదటి ప్రశ్న. ఈ తాలూకా మొత్తంలో గాలి పనికిరాదని నేను అనడంలేదు. ఎత్తయిన బోడిగుట్టమీద, చెట్టు అడ్డం లేని చోట స్థలం వున్న సంఘం ఏదైనా వుంటే, అక్కడ స్తంభం నాటి గాలి వేగం కొలిచే గిన్నెల మీటరు పెట్టి ఒక సంవత్సరం రాయండి. సగటు సెకనుకు 5 మీటర్లు దాటితే నన్ను పిలవండి, నేనే వచ్చి కొనిపిస్తాను.

గాలి కాదన్నాను కదా, మరి ఏమిటి?

మొదట సౌరఫలకాలు. మన ఎండకు కిలోవాటుకు సంవత్సరపు సగటున రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. 5 కిలోవాట్లు పెడితే 20 యూనిట్లు. మబ్బు పట్టిన జూలై, ఆగస్టుల్లో 14, 15కు దిగవచ్చు. కప్పుమీద అయిదు వందల చదరపు అడుగులు చోటు చాలు. మామిడి పూత మీద మందు కొట్టే రోజుల్లో ఆ జల్లు ఫలకాలమీద పడి పొరకడుతుంది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో వారానికొకసారి తెల్లవారుజామున నీళ్లతో కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దంమీద చన్నీళ్లు పొయ్యకండి, పగులుతుంది. ఫ్రేములు కప్పుకు గట్టిగా బిగించాలి. 1996 నవంబరులో కోనసీమ తుపాను కొబ్బరిచెట్లను ఏం చేసిందో చూసినవారు ఈ సభలో వున్నారు.

చాలా సంఘాలకు తెలియని సంగతి ఒకటి వుంది, దీన్ని కొంచెం నిలిచి చెబుతాను. మామూలుగా కప్పులమీద పెట్టే సౌర ఏర్పాటు లైనుతో కలిపి నడుస్తుంది. పగలు మిగిలిన కరెంటు లైనులోకి వెళుతుంది, రాత్రి లైనునుంచి తీసుకుంటాము, మీటరు ఆ తేడా చూస్తుంది. బిల్లు తగ్గించడానికి ఇది చాలా మంచిది. అయితే లైనులో కరెంటు పోయిన మరుక్షణం మీ సౌర ఏర్పాటు కూడా ఆగిపోతుంది. మండుటెండలో, ఫలకాలు తళతళలాడుతూ వుండగా ఆగిపోతుంది. అది చెడిపోవడం కాదు. స్తంభంమీద పనిచేసే లైన్‌మన్‌కు మీ కప్పుమీదినుంచి కరెంటు తగలకుండా వుండేందుకు అలాగే తయారుచేస్తారు. కాబట్టి ‘సోలారు పెట్టాము, ఇక జనరేటరు అమ్మేద్దాము’ అనుకున్న సంఘం కరెంటు పోయిన మొదటి సాయంత్రమే చిక్కులో పడుతుంది. కరెంటు పోయినా నడవాలంటే వేరే రకం ఇన్వర్టరు, దానికి బ్యాటరీ కావాలి. ఆర్డరు కాగితంమీద ఈ మాట స్పష్టంగా రాయించండి. కంప్రెసర్ మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుందని, అందుకు తగిన మెత్తని స్టార్టరు పెట్టాలని కూడా రాయించండి. లేకపోతే ఇన్వర్టరు ప్రతిసారీ కాలు జారి కూర్చుంటుంది.

బ్యాటరీ అనగానే ఖర్చు. సాయంత్రపు పూట పాలకు పది యూనిట్లు దాచాలంటే సీసపు బ్యాటరీలు దానికి రెట్టింపు పరిమాణంలో కావాలి. నాలుగైదేళ్లకు మార్చాలి. ఇక్కడే పిన్నాపురంలోని పై చెరువును గుర్తు తెచ్చుకోమన్నాను. మన పై చెరువు మంచుతొట్టి.

మనకు చివరకు కావలసింది కరెంటు కాదు, చల్లదనం. అలాంటప్పుడు కరెంటును దాచడమెందుకు, చల్లదనాన్నే దాచుకోవచ్చు. వెయ్యి లీటర్ల పాలలోని వేడిని పీల్చుకోవడానికి సుమారు 375 కిలోల మంచు చాలు. అందులో సగం, సాయంత్రపు పాలకు, 190 కిలోలు. మధ్యాహ్నం ఎండ కరెంటుతో కంప్రెసర్ నడిపి, వేడి చొరని తొట్టిలోని నీటిని గొట్టాల చుట్టూ గడ్డకట్టించాలి. సాయంత్రం పాలు రాగానే ఆ మంచునీటిని చిన్న పంపుతో పాల తొట్టి చుట్టూ తిప్పాలి. అప్పుడు కావలసింది ఆ చిన్న పంపుకు, పాలు కలియబెట్టే మోటారుకు మాత్రమే కరెంటు. పెద్ద కంప్రెసర్ నిద్రపోవచ్చు. మంచు కట్టించడానికి నేరుగా చల్లబరచేదానికన్నా కొంత ఎక్కువ కరెంటు పడుతుంది, ఆ మాట దాచను. కాని మంచుతొట్టిని అయిదేళ్లకోసారి మార్చనక్కర్లేదు. పెద్ద డెయిరీలలో ఐస్ బ్యాంకు అనేది ఎన్నో దశాబ్దాలనుంచి వున్న పాత వస్తువే.

ఈ దారి ఎంత గట్టిదో ఒక సంస్థ అనుభవం చూపిస్తుంది. ప్రొమీథియన్ అనే కంపెనీని ఇద్దరు కలిసి పెట్టారు. భారతదేశపు పల్లెల్లో పాలను సౌరశక్తితో చల్లబరిచే యంత్రం చెయ్యాలని మొదలుపెట్టారు. ఫలకాలు, బ్యాటరీలు కలిపేసరికి ధర పల్లెకు అందలేదు. అప్పుడు ఆలోచన మార్చుకుని, వచ్చీపోయే లైను కరెంటుతోనే చల్లదనాన్ని నిలవచేసే తొట్టి తయారుచేశారు. వచ్చినప్పుడు చల్లదనం నింపుకోవడం, పోయినప్పుడు వాడుకోవడం. తమిళనాడులోని హట్సన్ డెయిరీ మొదటగా కొన్నవారిలో వుంది. ఎండ ముఖ్యమా, పాత్ర ముఖ్యమా అంటే వారికి పాత్రే ముఖ్యమని తేలింది. ఫలకాల ధర ఆనాటికన్నా ఇప్పుడు బాగా తగ్గింది గనుక మనం రెండూ పెట్టుకోగలుగుతాము.

రెండో జోడు పాకలో వుందన్నాను. గోబరు గ్యాసు పేరు చెప్పగానే కొంతమంది ముఖం చిట్లిస్తున్నారు. దొడ్లో తుప్పుపట్టి పడివున్న పాత డ్రమ్ములు గుర్తొచ్చి వుంటాయి. 1984లో వచ్చిన దీనబంధు నమూనాకు ఇనుప డ్రమ్మే లేదు, ఇటుకల గుమ్మటం నేలలో వుంటుంది, తుప్పు బాధ లేదు. ఎండకు ఇది ఎందుకు సరైన జోడంటే, మబ్బు పట్టిన శ్రావణంలో కూడా పేడ వుంటుంది, రాత్రికి కూడా గ్యాసు నిలవ వుంటుంది. ఎండ వట్టిపోయిన రోజున పాలిచ్చే గేదె ఇది.

అయితే దీన్ని ఎక్కడ వాడాలన్నది జాగ్రత్తగా చూడాలి. ఒక ఘనపు మీటరు గ్యాసుకు రోజుకు 25 కిలోల పచ్చి పేడ కావాలి. ఇంజను తిప్పితే ఆ ఒక ఘనపు మీటరుకు ఒకటింబావు, ఒకటిన్నర యూనిట్లు వస్తాయి. పదిహేను యూనిట్లకు పది పన్నెండు ఘనపు మీటర్లు, అంటే రోజుకు 250 నుంచి 300 కిలోల పేడ. పాతిక ముప్పై పశువుల పేడను రోజూ ఒకచోటికి మోసే మనిషి కావాలి. గ్యాసులోని గంధకపు వాయువు తియ్యకపోతే ఇంజను తినేస్తుంది. అందుకని చిన్న సంఘానికి ఇంజను వద్దంటాను. తొట్టి, క్యాన్లు, పైపులు కడగడానికి రెండు పూటలా వేడినీళ్లు కావాలి కదా, ఆ నీళ్లు గ్యాసుపొయ్యిమీద కాగనివ్వండి. నాలుగు ఘనపు మీటర్ల ప్లాంటుకు వంద కిలోల పేడ చాలు. సంఘం పక్కనే పది పశువులున్న ఒకరిద్దరు సభ్యులు ఇవ్వగలరు. కరెంటు హీటరు తీసేస్తే ఫలకాలమీద భారం అంత తగ్గుతుంది.

పేడ ఇచ్చిన సభ్యుడికి ఏమి ముట్టుతుందన్నది న్యాయమైన ప్రశ్న. గుజరాత్‌లో ఆణంద్ జిల్లా జకారియాపురా గ్రామంలో జాతీయ పాడి అభివృద్ధి మండలి సహాయంతో ఆడవారే ఈ పని చేసి చూపించారు. ఇళ్లదగ్గర గ్యాసు ప్లాంట్లు పెట్టుకుని వంటకు గ్యాసు వాడుకుంటారు, బయటికొచ్చే ముద్దను తమ సహకార సంఘం ద్వారా ఎరువుగా అమ్ముకుంటారు. మన దగ్గర ఆ ఎరువుకు గిరాకీ లేదనడానికి లేదు, చుట్టూ మామిడి తోటలే. అదే గుజరాత్‌లో ఖేడా జిల్లా ఢుండి గ్రామంలో ఆరుగురు రైతులు కలిసి సౌర పంపుల సహకార సంఘం పెట్టారు. 2016నుంచి పొలానికి నీరు పెట్టుకోగా మిగిలిన కరెంటును అక్కడి పంపిణీ సంస్థకు యూనిట్టు 4 రూపాయల 63 పైసలకు అమ్మారు. పాలు అమ్మినట్లే కరెంటు అమ్మారన్నమాట. పాల సహకారం పుట్టిన ఖేడాలోనే ఇదీ మొదలవడం నాకు ముచ్చటగా వుంది. 2019లో వచ్చిన కుసుమ్ పథకంలో బీడు నేలమీద సౌర కేంద్రాలు పెట్టుకోవడానికి సహకార సంఘాలకు కూడా చోటు ఇచ్చారు. అది అయిదు వందల కిలోవాట్లనుంచి మొదలయ్యే పెద్ద పని. ఒక్క సంఘానికి కాదు, యూనియన్ స్థాయిలో ఆలోచించాలి. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం సబ్సిడీ ఇళ్ల కప్పులకు, సంఘ భవనానికి వర్తించదు. సభ్యులు తమ ఇళ్లకు తీసుకోవచ్చు.

డీజిల్ జనరేటరు సంగతి చెప్పి ముగిస్తాను. చిన్న జనరేటరు లీటరు డీజిలుకు మూడు యూనిట్లు ఇస్తుంది. ఇప్పటి ధరకు యూనిట్టు ముప్పై రూపాయలు దాటుతోంది. అయినా దాన్ని అమ్మవద్దు. మే నెల సాయంత్రం ఈదురుగాలికి స్తంభాలు పడి, రెండు రోజులు కరెంటు రాక, మబ్బుపట్టి, మంచు కరిగిపోయిన రోజున వెయ్యి లీటర్ల పాలను కాపాడేది అదే. సంవత్సరానికి అయిదారు రోజులు నడిస్తే చాలు. ఏ సంఘం జనరేటరు నెలకు పది రోజులు నడుస్తున్నదో ఆ సంఘానికి మంచుతొట్టి ముందు కావాలి, ఫలకాలు తరువాత.

ఎవరూ ఇవాళే ఆర్డరు ఇవ్వవద్దు. మూడు నెలలు ఒక పుస్తకం రాయండి. పాల రిజిస్టరు పక్కనే అది వుండాలి. ఏ పూట ఎన్ని లీటర్లు, వచ్చినప్పుడు పాల వేడి ఎంత, 4 డిగ్రీలకు ఎన్ని గంటలకు దిగింది, కరెంటు ఏ గంటనుంచి ఏ గంటదాకా పోయింది, డీజిల్ ఎంత పోశారు, మీటరు రీడింగు ఎంత. రీడింగు పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి రెండుసార్లు రాయాలి. అప్పుడే పగటి వాడకం, రాత్రి వాడకం విడిగా తెలుస్తాయి. గాలి మీద ఇంకా ఆశ వున్నవారు దానికి ఒక గడి కలుపుకుని, ఆకులు కదిలాయా, రెమ్మలు కదిలాయా, చెట్టు వూగిందా అని రోజుకు మూడుసార్లు రాయండి. ఆ పుస్తకాలు తెస్తే, ఏ సంఘానికి ఎన్ని ఫలకాలు, ఎంత తొట్టి అన్నది ఒక్కొక్కరితో కూర్చుని లెక్క కడతాను.